ఎందుకో తెలిశాకే అతికించండి

ఒకే కిట్ కొన్న ఇద్దరు కట్టిన రెండు నమూనాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ 1941 విల్లీస్ కూపేలే, రెండూ 1/25 కొలతవే, రెంటికీ రంగు నున్నగానే కుదిరింది. అయినా ఒకటి బొమ్మలా కనిపిస్తుంది, రెండోది తాళం తిప్పితే గర్జించేలా ఉంటుంది. తేడా ఖరీదైన ఎయిర్‌బ్రష్‌లో ఉందని కొందరంటారు. ఓపికలో ఉందని చాలామంది అంటారు. ఓపిక కావలసిందే, కాని తప్పును కూడా ఎంతో ఓపికగా చేసేవాళ్లున్నారు. రెండో కారు కట్టినాయనకు ఆ బండి ముక్కు ఎందుకు పైకి లేచిందో తెలుసు. వెనక టైర్లకు గాళ్లు ఎందుకు లేవో తెలుసు. ఇంజిన్ నెత్తిన కూర్చున్న పెట్టె ఏ బండి నుంచి ఊడి వచ్చిందో తెలుసు. తెలిసి చేసే చేతికి ఆ తేడా వస్తుంది.

ఈ అధ్యాయం మొత్తానికి సూత్రం ఒక్కటే: ఒక భాగం అక్కడ ఎందుకు ఉందో చెప్పగలిగాకే జిగురు మూత తీయండి. ఆఫీసులో ఫైలు ముందు కూర్చున్నా, ఇంటికి ప్లాను గీయించుకుంటున్నా పనికొచ్చే అలవాటే ఇది. కాని అలవాటు మాటలతో రాదు, చేతులతో వస్తుంది. అందుకే ఈసారి మన పాఠం పని బల్ల దగ్గర.

ముందు ఆట తెలుసుకోండి

డ్రాగ్ రేసు చూడ్డానికి చాలా చిన్న ఆట. నిలబడి ఉన్న రెండు బండ్లు, తిన్నని దారి, పావు మైలు దూరం, అంటే 402 మీటర్లు. ముందు చేరినవాడు గెలిచినట్టు. మలుపుల్లేవు, రెండో చుట్టు లేదు. కొన్ని సెకన్లలో తేలిపోయే ఈ పోటీ కోసం కారులో అక్కర్లేనిదంతా ఊడబెరికారు, అక్కరకొచ్చేది మాత్రం హద్దు లేకుండా పెంచారు. ఆ కార్లు అంత వింతగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ ఆటకు పుట్టిల్లు విమానాల రన్‌వేలు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో ఎన్నో రన్‌వేలు ఖాళీ పడ్డాయి. తిన్నని, గట్టి, పొడవాటి నేల అక్కడే దొరికింది. కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో 1950లో విమానాశ్రయపు నేలమీదే టికెట్టు పెట్టి పోటీలు నడిపారు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. ఆ సంస్థ తొలి జాతీయ పోటీలు 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో జరిగాయి. అదీ యుద్ధకాలపు బాంబర్ విమానాల స్థావరమే.

మద్రాసు రేసుల కథా ఇలాంటి నేలమీదే మొదలైంది. నెల్లూరు నుంచి మద్రాసు వచ్చే దారిలో, రెడ్ హిల్స్ ఇంకా రాకముందు షోళవరం తగులుతుంది. అక్కడి యుద్ధకాలపు రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు రేసులు నడిపింది. అవి డ్రాగ్ రేసులు కావు, మలుపులు పెట్టి నడిపిన సర్క్యూట్ పోటీలు. విదేశీ రేసు కార్లతో పాటు ఇక్కడి షెడ్లలో మార్పులు చేసిన ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డులు కూడా పరుగెత్తాయి. 1990లో క్లబ్బుకు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది. ఆ ట్రాక్ మీద జాతీయ డ్రాగ్ పోటీలు కూడా జరుగుతుంటాయి. చెన్నైలో ఉంటూ డ్రాగ్ కారు నమూనా కట్టాలనుకునేవాళ్లు ఒక్కసారి అక్కడికి వెళ్లి, బండి కదిలే క్షణంలో వెనక టైరు ఎలా నలుగుతుందో కళ్లారా చూడాలి. ఏ పుస్తకమూ ఆ పాఠం అంత బాగా చెప్పదు.

ఒక కారు, ఒక రోజు

మొదటి నిర్ణయం కిట్ కొనకముందే తీసుకోవాలి. ‘డ్రాగ్ కారు కడతాను’ అంటే చాలదు. ఎవరి కారు, ఏ ఏడాది, ఏ పోటీలో ఉన్నట్టు కడతారు? రేసు కారు వారం వారం మారుతుంది. చక్రాలు మారతాయి, గొట్టాలు మారతాయి, తలుపు మీద పేర్లు మారతాయి. 1968 నాటి ఇంజిన్, 1971 నాటి టైర్లు ఒకే నమూనాలో కలిస్తే, లోపం ఎక్కడుందో చెప్పలేనివాళ్లకు కూడా ఏదో తేడాగా అనిపిస్తుంది.

డాన్ గార్లిట్స్ సంగతే చూడండి. ఫ్లోరిడాకు చెందిన ఈయన తన కార్లన్నిటికీ ‘స్వాంప్ ర్యాట్’ అని పేరు పెట్టి, వరసగా నంబర్లు వేసుకుంటూ పోయాడు. ఆ రోజుల్లో అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయెల్ తరగతి కారు అంటే సన్నగా, పొడుగ్గా, ముందు ఇంజిన్, దాని వెనక డ్రైవరు. డ్రైవరు కూర్చునేది వెనక ఇరుసుకు కూడా అవతల. బరువంతా వెనక చక్రాల మీద పడితే పట్టు పెరుగుతుందని అలా కట్టేవారు. ఇంజిన్ గాని, గేర్ల పెట్టె గాని పేలితే మాత్రం ముక్కలు నేరుగా డ్రైవరు మీదికే వచ్చేవి. 1970 మార్చి 8న లాస్ ఏంజెలిస్ దగ్గర లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో జరిగింది అదే. గేర్ల పెట్టె పేలింది, గార్లిట్స్ కుడి పాదంలో ముందు భాగం పోయింది.

ఆసుపత్రి మంచం మీద ఆయన ఒకే ప్రశ్న పట్టుకున్నాడు: ఇంజిన్ ముందే ఎందుకుండాలి? వెనక పెట్టి చూసినవాళ్లు అంతకుముందూ ఉన్నారు. ఆ కార్లు దారి తప్పేవి, అందుకే ఎవరూ నమ్మలేదు. గార్లిట్స్ బృందం కారణం వెతికింది. డ్రైవరు ముందుకు వచ్చేసరికి స్టీరింగు చురుకు మితిమీరుతోందని గ్రహించి, దాని వేగం తగ్గించింది. కారు తిన్నగా పోయింది. 1971లో ఆ స్వాంప్ ర్యాట్ 14 పొమోనాలో వింటర్‌నేషనల్స్ గెలిచింది. కొద్ది ఏళ్లలో ముందు ఇంజిన్ కార్లు టాప్ ఫ్యూయెల్ పోటీల్లోంచే వెళ్లిపోయాయి.

మీరు కట్టేది 1970 నాటి కారా, 1971 నాటిదా అన్నది తేదీ తేడా మాత్రమే కాదు. ఆ రెంటి నడుమ ఒక మనిషి పాదం ఉంది. ఆ సంగతి తెలిస్తే స్టీరింగు కడ్డీ కోణం దగ్గర మీ చెయ్యి తొందరపడదు.

మీ పిన్ని కొడుకో, మేనకోడలో అమెరికాలో ఉంటే వాళ్లను ఒక పని అడగండి. ఫ్లోరిడాలోని ఒకాలాలో గార్లిట్స్ పెట్టిన డ్రాగ్ రేసింగ్ మ్యూజియం ఉంది. అటు వెళ్లినప్పుడు కారు ముందు నిలబడి దిగే ఫోటోలు కాదు, కారు కడుపు కింద, చక్రాల వెనక, వైర్లు దూరే చోట తీసిన ఫోటోలు పంపమనండి. వచ్చేటప్పుడు ఒక కిట్ కూడా తెమ్మనవచ్చు. ఇక్కడి నుంచి ఆవకాయ మోసుకెళ్లిన సూట్‌కేసులో తిరుగు ప్రయాణానికి చోటు ఉంటుంది కదా!

భాగం వెనక కారణం

ఫోటోలు చేరాయి. ఇప్పుడు ఒక నోటు పుస్తకంలో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమ పక్క భాగం పేరు, కుడి పక్క అది ఎందుకుందో. కుడి పక్క ఖాళీగా ఉన్నంతసేపు ఆ భాగాన్ని కిట్‌లోని ప్లాస్టిక్ ఫ్రేము నుంచి కోయవద్దు. మచ్చుకు నాలుగు చూద్దాం.

లేచిన ముక్కు. గ్యాసర్లు అనే కార్ల ముందు భాగం ఎత్తుగా ఉంటుంది. స్టోన్, వుడ్స్, కుక్ బృందపు నీలం విల్లీస్, జాన్ మాజ్మానియన్ ఎర్రటి విల్లీస్ ఈ కోవలోవే. బండి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి జారుతుంది. బరువు కేంద్రం ఎంత ఎత్తున ఉంటే అంత ఎక్కువ జారుతుంది. వెనక టైర్లకు పట్టు చాలని ఆ రోజుల్లో ఇదొక ఉపాయం. టైర్లు మెరుగుపడ్డాక కార్లు మళ్లీ కిందికి దిగాయి. కాబట్టి 1960ల మొదట్లోని గ్యాసరుకు, ఆ దశాబ్దం చివరి గ్యాసరుకు ఎత్తు ఒకటే పెట్టకూడదు. ఎత్తు రావాలంటే ముందు పెద్ద టైర్లు వేయడం కాదు. కింద తిన్నని ఇరుసు, పట్టీల స్ప్రింగులు కనబడాలి.

వెనక టైర్లు. గాళ్లు లేని ఈ నున్నటి టైర్లను స్లిక్స్ అంటారు. నేలకు ఎంత ఎక్కువ రబ్బరు తగిలితే అంత పట్టు. గాలి తక్కువ పెడతారు గనక కారు నిలబడి ఉన్నప్పుడు కూడా అడుగున కొంచెం నొక్కుకుపోయి ఉంటాయి. కిట్‌లో వచ్చే టైరు మాత్రం గుండ్రంగా ఉండి నేలకు ఒక గీతలా తగులుతుంది. 400 నంబరు వాటర్ పేపరును గాజు పలక మీద పరిచి, టైరు అడుగును నాలుగు సార్లు రుద్దండి. సన్నటి చదును వస్తుంది. కారు ఒక్కసారిగా బరువెక్కినట్టు కనిపిస్తుంది. తర్వాత నేలకు తగిలే భాగమంతా మెల్లగా గరుకు చేస్తే నిగనిగలాడే నలుపు పోయి బొగ్గు రంగు వస్తుంది.

ఇంజిన్ నెత్తిన బ్లోయర్. దీని అసలు ఉద్యోగం రేసులు కాదు. జనరల్ మోటార్స్ కంపెనీ 6-71 డీజిల్ ఇంజిన్‌లో గాలి నెట్టడానికి దీన్ని పెట్టారు. 6 అంటే ఆరు సిలిండర్లు, 71 అంటే ఒక్కో సిలిండరు 71 ఘనపు అంగుళాలు. లారీలు, బస్సులు, యుద్ధంలో సైనికులను ఒడ్డుకు దించిన పడవలు ఈ ఇంజిన్లతో నడిచాయి. రేసువాళ్లు బ్లోయరును ఊడదీసి వి-8 ఇంజిన్ మీద పెట్టి బెల్టుతో తిప్పారు. అంటే అది పోత పోసిన అల్యూమినియం. కిట్‌లో మాత్రం అద్దంలా మెరిసే క్రోమ్ పూతతో వస్తుంది. ఆ ముక్కను బట్టలకు వాడే బ్లీచ్‌లో నానబెడితే పూత వదిలిపోతుంది, అప్పుడు అల్యూమినియం రంగు వేసుకోవచ్చు. కొందరు తమ బ్లోయరుకు మెరుగు పెట్టించుకునేవాళ్లు. మీ కారు యజమాని ఏం చేశాడో ఫోటోయే చెప్పాలి.

స్పార్క్ ప్లగ్ వైర్లు. కట్టేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. క్రైస్లర్ హెమీ ఇంజిన్‌లో దహన గది అర్ధగోళంలా ఉంటుంది, ప్లగ్ దాదాపు దాని నడినెత్తిన దిగుతుంది. అందుకే వైర్లు వాల్వ్ కవరు మధ్యలో ఉన్న రంధ్రాల్లోకి పోతాయి. చెవర్లే చిన్న వి-8లో ప్లగ్గులు పక్కన, పొగ గొట్టాల దగ్గర ఉంటాయి. ఒకదాని వైరింగ్ ఇంకోదానికి పెడితే రంగు ఎంత బాగున్నా చూసేవాడు నవ్వుతాడు. రెంటికీ మండే వరస మాత్రం ఒకటే: 1-8-4-3-6-5-7-2. ప్లగ్గులకు కరెంటు పంపే మ్యాగ్నెటో నుంచి ఈ వరసలో లాగితే వైర్లు వాటంతటవే సరైన చిక్కు పడతాయి. అందం కోసం సర్దనక్కర్లేదు.

ఈ నాలుగూ రాసేసరికి మీకో సంగతి బోధపడుతుంది. ఈ కార్లలో అలంకారం అనుకున్నదాంట్లో చాలావరకు అవసరమే. ఎనిమిది పొగ గొట్టాలు వెనక్కి, పైకి వంగి ఉండటమూ అంతే, టైర్ల పొగను పక్కకు ఊదడానికి. సైకిలు చక్రాల్లా సన్నటి ముందు చక్రాలూ అంతే, బరువు తగ్గడానికి. తోకకు వేలాడే సంచీలో ఉన్నది పారాషూట్. అంత వేగాన్ని బ్రేకులు ఒక్కటే ఆపలేవు.

విప్పి చూడటం మనవాళ్ల విద్యే

కోయంబత్తూరు దగ్గరి పల్లెలో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు కుర్రతనంలో ఒక తెల్ల అధికారి మోటారు సైకిలు చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ రడ్జ్ బండినే కొన్నారు. కొని చేసిన పని, దాన్ని ముక్కలుగా విప్పి మళ్లీ బిగించడం. బడి చదువు పెద్దగా లేని ఆ మనిషి తర్వాత బస్సులు నడిపారు, ఎలక్ట్రిక్ మోటార్లు తయారుచేయించారు. కోయంబత్తూరులోనే కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో ఫార్ములా రేసు కారు తయారు చేశారు. ఎందరో కుర్రాళ్లకు రేసింగు అందుబాటులోకి వచ్చింది అలాగే. ఊరి శివారులోని కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు.

చెన్నైలో మీకు ఆ బడి పుదుపేటలో దొరుకుతుంది. పాత కార్లు విప్పి విడిభాగాలుగా అమ్మే దుకాణాలు వీధులకు వీధులున్నాయి. హడావుడి లేని వేళ చూసుకుని వెళ్లండి. “అన్నా, కొనడానికి రాలేదు, బొమ్మ కారు కడుతున్నా. ఈ కార్బురేటర్ ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడొచ్చా?” అని ఉన్నదున్నట్టు అడగండి. “చూడు తంబీ, కింద పడేయకు” అంటారు. పోత ఇనుము గరుకుదనం, అల్యూమినియం మీద నూనె ఎండిన మరక, మరమీద తీసిన అంచుల మెరుపు వేలికి తగిలాక, ఏ భాగానికి ఏ రంగు వేయాలో సీసా మీది పేరు చూసి నిర్ణయించుకునే అవసరం ఉండదు.

పాతిక అడుగుల లెక్క

నిజంలా కనిపించాలంటే ఉన్నవన్నీ పెట్టాలని చాలామంది అనుకుంటారు. ఆ అవసరం లేదని మన మద్రాసులోనే ఎప్పుడో చూపించారు. 1957 నాటి ‘మాయాబజార్’ కోసం వడపళనిలోని వాహినీ స్టూడియోలో కళాదర్శకులు గోఖలే, కళాధర్ ద్వారక నగరాన్ని చిన్న నమూనాగా కట్టించారు. మెత్తటి చెక్క, అట్ట, లక్కతో ఇళ్లు చేసి వాటిలో దీపాలు పెట్టారు. ఆ ఇళ్లలో వంటగది ఉందా అని ఎవరూ అడగలేదు. మార్కస్ బార్‌ట్లే కెమెరా ఎక్కడ నిలబడుతుందో, అక్కడి నుంచి ఏం కనబడుతుందో అంతే కట్టారు. జనం దాన్ని నగరమనే నమ్మారు.

మీ నమూనాకూ అదే లెక్క. 1/25 కారును అడుగు దూరం నుంచి చూస్తే, అసలు కారును 25 అడుగుల దూరం నుంచి చూసినట్టు. ఒక పని చేయండి. మీ వీధిలో ఆగి ఉన్న కారుకు 25 అడుగుల దూరంలో నిలబడండి. తలుపు సందు కనిపిస్తుంది, స్క్రూ తలలు కనిపించవు. రంగు దగ్గర ఉన్నంత గాఢంగా ఉండదు, గాలి దాన్ని కొంచెం వెలిసినట్టు చేస్తుంది. కాబట్టి నమూనా మీద వేసే నలుపు చిక్కటి నలుపు కాకూడదు, బూడిద కలిసిన నలుపు కావాలి. ఎరుపులో ఒక చుక్క తెలుపో పసుపో పడాలి. అసలు కారుకు వాడే మెటాలిక్ రంగు నమూనాకు వేస్తే అందులోని మెరుపు రేణువులు రూపాయి బిళ్లలంత కనిపిస్తాయి. వీలైనంత సన్నని రేణువులున్నదే వెతకాలి.

అదే లెక్క మందానికీ వర్తిస్తుంది. అసలు ప్లగ్ వైరు మందం 8 మిల్లీమీటర్లు అనుకుందాం. 25తో భాగిస్తే 0.32. చేతికి దొరికింది కదా అని 1 మిల్లీమీటరు వైరు వేస్తే, అసలు కారులో అంగుళం మందమున్న తోట గొట్టం పెట్టినట్టు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో 30 గేజ్ వైండింగ్ వైరు అడగండి, మందం దాదాపు అంతే ఉంటుంది. అక్కడే దొరికే సన్నటి సీసం తీగ ఇంధనపు గొట్టాలకు పనికొస్తుంది, వంచితే వంగి అలాగే నిలుస్తుంది. మందుల షాపులో కొత్త ఇంజెక్షన్ సూదులు కొని మొన కోసేసి నునుపు చేస్తే గాలి పీల్చే గొట్టాలు తయార్. సూదికి బదులు ఇత్తడి గొట్టం వాడితే, అది నల్లబడినప్పుడు చింతపండు ఉండనే ఉంది.

చెన్నై గాలితో ఒప్పందం

కిట్ పెట్టెలో ఉండే సూచనలు సముద్రం లేని ఊరివాళ్లు రాసినవని అనుకోండి. మన దగ్గర రంగు వేయడానికి ముందు గాలిని చూడాలి. లాకర్ రంగులోని థిన్నరు వేగంగా ఆరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఉంటే ఆ చల్లదనానికి అది రంగు మీద పేరుకుని పాలపొరలా తెల్లబారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ బెడద ఎక్కువ. ఆ నెలలను చట్రం, ఇంజిన్, వైరింగ్ పనులకు కేటాయించి, పైరంగును జనవరి తర్వాతికి పెట్టుకోండి. అప్పుడైనా తెల్లవారుజామున వద్దు, తేమ ఎక్కువగా ఉండేది అప్పుడే. పొద్దెక్కాక, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలుకాకముందు వేయండి. తేమ కొలిచే చిన్న మీటరు గోడకు తగిలించుకుంటే ఊహతో పని ఉండదు.

మేలో కత్తిరి ఎండలప్పుడు ఇంకో ఇబ్బంది. ఎండలో నిలిపిన కారులో కిట్ వదిలేస్తే సన్నటి భాగాలు వంగిపోతాయి. పాత కిట్లలోని మెత్తటి టైర్లలో ఉండే నూనె లాంటి పదార్థం వేడికి బయటికి వచ్చి, తాకిన ప్లాస్టిక్ చక్రాన్ని కరిగిస్తుంది. టైరుకూ చక్రానికీ మధ్య పల్చటి అల్యూమినియం రేకు చుడితే ఆ గొడవ ఉండదు. ఫెవిక్విక్ మన తేమకు ఇంకా త్వరగా పట్టుకుంటుంది, కాని దాని ఆవిరి కిటికీ అద్దాలను మసకబారుస్తుంది. అద్దాలకు ఫెవికాల్ వాడండి, ఆరాక కనిపించదు. నెయిల్ పాలిష్ రిమూవరును ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి, కరిగిపోతుంది. రంగు కొట్టేటప్పుడు కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని, పిల్లల్ని పక్క గదిలో ఉంచండి.

మురికికీ లెక్కుంది

కొత్తగా కట్టేవాళ్లు నిజంగా కనిపించాలని కారంతా తుప్పు పూస్తారు. రేసు కారుకు తుప్పు పట్టే తీరికెక్కడిది? ప్రతి పోటీకీ ఇంజిన్ విప్పుతారు, ప్రతి ఆదివారం ఒళ్లు తుడుస్తారు. దాని మురికి పని చెప్పే మురికి. వెనక టైర్లు రాసుకుపోయి రబ్బరు పొడి వెనక రెక్కల కింద, అడుగున పేరుకుంటుంది. పొగ గొట్టాలు ఇంజిన్‌కు దగ్గరగా ఉన్న చోట వేడికి ఎండుగడ్డి రంగు, దాని పక్కన నీలి ఛాయ తేలతాయి. బోల్టు తలలు నల్లబడవు, పానా పడి పడి మెరుస్తుంటాయి. ఈ మూడూ చేసి ఊరుకోండి. అసలు కారు ఆ రోజు తెల్లారి తుడిచి పెట్టిందైతే రబ్బరు పొడి కూడా ఉండదు. ‘ఒక కారు, ఒక రోజు’ అని ముందే అనుకున్నది ఇందుకే.

చిన్న పిల్లల బొమ్మలకూ ఈ ఆటకూ ఉన్న చుట్టరికం మీకు తెలిసే ఉంటుంది. 1970లో మ్యాటెల్ కంపెనీ తన హాట్ వీల్స్ పేరు మీద ఇద్దరు ప్రత్యర్థులకు డబ్బు పెట్టింది. ‘స్నేక్’ డాన్ ప్రూడోమ్‌ది పసుపు బారకూడా కారు, ‘మంగూస్’ టామ్ మెక్‌యూవెన్‌ది ఎర్ర డస్టర్ కారు. పామూ ముంగిసా పోట్లాట అమెరికా అంతా ఊరూరా తిరిగింది. ఆ రెండు కార్లూ శుభ్రంగా మెరుస్తూ కనబడటమే వాటి జీవనోపాధి. వాటికి మురికి పూస్తే కథే తప్పుతుంది.

మన బండితో కడితే

మొదటి కారు అమెరికాదే ఎందుకు కావాలి? షోళవరం రన్‌వే మీద పరుగెత్తిన బండ్లలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. కిట్ దొరకడం కష్టం, నిజమే, ప్లాస్టిక్ షీటుతో సొంతంగా చేయాలి. కాని కొలతలు మన చేతిలో ఉన్నాయి. ఫియట్ 1100 ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2340 మిల్లీమీటర్లు, 25తో భాగిస్తే 93.6. స్టాండర్డ్ హెరాల్డ్ దాదాపు అంతే, 93. అంబాసిడరుది 2464, అంటే దాదాపు 98.6. రేసుకు దిగిన కారులో బంపర్లు తీసేశారా, లోపలి సీట్లు ఉంచారా, తలుపు మీద నంబరు చేత్తో రాశారా అన్నది ఫోటోల్లో చూసుకోవాలి. అలాంటి ఫోటోలు ఈ ఊళ్లో పాత ఆల్బముల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో రేసులకు వెళ్లిన పెద్దాయన ఎవరైనా మీ వాళ్లలో ఉంటే ఒక సాయంత్రం కాఫీకి వెళ్లండి. “బాబాయ్, షోళవరంలో ఫియట్లు ఎలా ఉండేవి?” అంటే చాలు, ఆల్బము అదే బయటికొస్తుంది. ఫోటో తీసుకునే ముందు అనుమతి అడగండి, కట్టాక తీసుకెళ్లి చూపించండి.

ఎక్కడ ఆపాలి

కారణం అడగడం అలవాటైనవాళ్లకు ఇంకో జబ్బు పట్టుకుంటుంది. ఇంజిన్ మీద ఏడాది కూర్చుంటారు, బాడీకి ప్రైమరు కూడా పడదు. చివరికి అద్భుతమైన ఇంజిన్ మామూలు బాడీలో కూర్చుని రెండూ తేలిపోతాయి. నమూనా అంతటా నైపుణ్యం ఒకే స్థాయిలో ఉండాలి. మీ సీట్ల పని ఎంత బాగుందో ఇంజిన్ కూడా అంతే బాగుంటే చాలు, తర్వాతి కారులో రెంటినీ ఒక మెట్టు పెంచండి. పాతిక అడుగుల నుంచి కనిపించనిదీ, మీకు కారణం తెలియనిదీ వదిలేయండి. వదిలేసినదాన్ని నోటు పుస్తకంలో రాసుకుంటే అది బద్ధకం కాదు, నిర్ణయం అవుతుంది.

ఉద్యోగంలోనూ మనం తెలిసి వదిలిన పనికీ, మరిచి వదిలిన పనికీ తేడా ఇదే. మొదటిదానికి ఎవరడిగినా జవాబుంటుంది.

ఈ నెల చేయవలసినవి

మొదటి వారం: ఒక కారు, ఒక పోటీ, ఒక తేదీ తేల్చుకోండి. కనీసం పది ఫోటోలు పోగు చేయండి. అందులో కనీసం మూడు ఇంజిన్‌వో, కారు అడుగుభాగానివో అయి ఉండాలి.

రెండో వారం: రెండు గళ్ల పట్టిక రాయండి. కుడి పక్క ఖాళీలను పుదుపేటలోనో, ఇరుంగాట్టుకోట్టైలోనో, తెలిసిన మెకానిక్ దగ్గరో నింపుకోండి.

మూడో వారం: ఇంకా జిగురు ముట్టకుండా కారును మాస్కింగ్ టేపుతో నిలబెట్టండి. ఎత్తు, చక్రాల స్థానం, టైరు చదును ఫోటోతో పోల్చండి. నిలబడే తీరు తప్పితే మిగతా పనితనమంతా వృథా.

నాలుగో వారం: ఒకే ఒక్క ఉపభాగం పూర్తి చేయండి, ఇంజిన్ అయితే మేలు. దాన్ని ఇంట్లో ఎవరి చేతికైనా ఇచ్చి, ఏ భాగం మీదైనా వేలు పెట్టి “ఇదెందుకు?” అని అడగమనండి. చెప్పగలిగితే చట్రం మొదలుపెట్టండి. చెప్పలేకపోతే జిగురు సీసా మూత పెట్టేసి, ముందు ఆ జవాబు వెతికి రండి.